మార్జినులో యాభై ఏడు

2018 నవంబరు 5, సోమవారం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. ముప్పై ఎనిమిదేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. హాజరు పట్టీలు రాశాను, మార్కులు రాశాను, ఆరేళ్లుగా మనవరాలు నాగిసా సాధన పుస్తకం రాస్తున్నాను. మనసులో మాటలు ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఒక కాగితం. అక్టోబరు 28 ఉదయం పోటీ చిత్రీకరణ దగ్గర టీవీ వాళ్లు ప్రేక్షకులందరి చేతా సంతకాలు చేయించుకున్నారు. డిసెంబరు 29న కార్యక్రమం వచ్చేదాకా ఎవరు దాటారో, ఎవరు పడ్డారో ఎవరికీ చెప్పకూడదు. నేను సంతకం పెట్టి, పక్కన నా పేరు ముద్ర కూడా వేశాను. వేసిన ముద్రకు కట్టుబడతాను. కానీ అరవై రెండు రోజులు ఒక విషయాన్ని నోట్లోనే ఉంచుకోవడం నాకు రాదు. అందుకని ఈ పుస్తకం.

నివేదికలా రాస్తే తేలిక.

నాగిసా నా కూతురి కూతురు. వయసు ఇరవై ఏడు. తొమ్మిదో ఏట నుంచి నా దగ్గరే పెరిగింది. ‘ఏడు గండాలు’ అనే టీవీ పోటీలో పాల్గొనడం ఇది ఆరోసారి. తొంభై మంది పోటీదారులు, ఏడు అడ్డంకులు, నీళ్లలో పడితే అంతటితో ఆఖరు. ఆమె నంబరు 71. పొద్దున ఆరింటికల్లా రమ్మన్నారు. వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడుంబావు. మొదటి గండం, ఏటవాలు మెట్లు, దాటింది. రెండో గండం కడ్డీ. స్ప్రింగు బల్ల మీంచి గెంతి, గాలిలో వేలాడే కడ్డీని రెండు చేతులా పట్టుకుని, ఊగి అవతలి పరుపు మీద దిగాలి. వేళ్లు తగిలాయి. పట్టు దొరకలేదు. మొత్తం తొమ్మిది సెకన్లు.

ఆరేళ్లలో ఆమె దాటిన గండాలు: 2013లో ఒకటి. 2014లో అయిదు. 2015లో ఒకటి. 2016లో ఆరు, ఏడోదాని మీద చెయ్యి వేసేసరికి గడువు అయిపోయి గంట మోగింది. 2017లో ఒకటి. ఈ ఏడాది ఒకటి.

పోయినేడు టీవీ వ్యాఖ్యాత ఆమెకు ‘సరి సంవత్సరం అమ్మాయి’ అని పేరు పెట్టాడు. బేసి సంవత్సరం వస్తే పడుతుంది, సరి సంవత్సరం వస్తే ఎగురుతుంది అన్నాడు. అందరూ నవ్వారు. 2018 సరి సంఖ్య. ఊరంతా అదే లెక్క వేసుకుని కూర్చుంది. ఇలాంటి వాటిని నేను నమ్మను.

పడ్డాక పోటీదారుల డేరా దగ్గర కలిశాను. ఎందుకిలా జరుగుతోందో ఆలోచించుకోమన్నాను.

31న ఆమె వెళ్లిపోయింది. ఐజు కొండల్లో ఒక వేడినీటి ఊటల సత్రంలో పని దొరికిందని వంటింట్లో చీటీ పెట్టింది. ఫోన్ నంబరు రాసింది. ఎప్పుడొస్తుందో రాయలేదు.

నవంబరు 6

సాధన లేదు.

నవంబరు 7

సాధన లేదు. (ఇది ఆ పుస్తకంలో రాయాల్సింది. అలవాటుగా ఇందులో రాశాను. కొట్టివేయను.)

నవంబరు 10, శనివారం

ఇసోబే వచ్చాడు. పెరట్లో నాగిసా సాధనకు కడ్డీ చట్రం కట్టిన వడ్రంగి అతనే. టీవీలో బొమ్మ ఆపి, స్కేలుతో నేను కొలతలు తీసి ఇచ్చాను, అతను కొయ్యతో కట్టాడు. అయిదో తరగతిలో నా దగ్గర లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పిన పిల్లవాడు. ఇప్పుడు అరవై ఒకటి.

గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"టీచరుగారూ, మీరు నోరు విప్పొద్దు. కాగితం సంగతి నాకు తెలుసు. నాగిసా గెలిచిందనుకోండి, నాకు టీ పొయ్యండి. లేదంటే పొయ్యకండి. ఇందులో చెప్పడం ఏమీ లేదు కదా."

"నా ఇంటికొచ్చి టీ లేకుండా ఎప్పుడైనా వెళ్లావా నువ్వు?"

"అదే నా గోల. ఎటూ తేలనివ్వరు."

"కూర్చో. కాళ్లు దులుపుకుని కూర్చో."

రెండు కప్పులు తాగాడు. ఇరవై తొమ్మిదిన వీధి సంఘం హాల్లో పెద్ద టీవీ పెడుతున్నారట, ఎనభై కుర్చీలు వేస్తున్నారట, అది చెప్పడానికి వచ్చాడు. వద్దని ఎలా అనను? వద్దంటే చెప్పేసినట్టే. సరేనంటే అబద్ధమాడినట్టు. "మీ ఇష్టం" అన్నాను.

సాయంత్రం కూరలకు వెళ్తే చేపల కొట్టు దగ్గర అప్పటికే తెలిసిపోయింది. టీచరుగారు రెండు కప్పులు పోశారట, ఒకటి కాదు, రెండు. కొట్టువాడు నాకు పెద్ద ముక్క కోసి ఇచ్చాడు. అడిగినంతే ఇవ్వమన్నాను.

అక్కడే హనావా గారు పట్టుకుంది. నాగిసా పనిచేసేది ఆవిడ దగ్గరే. ఇప్పుడు చిలగడదుంపలు ఉడికించి, కోసి, ఎండబెట్టే కాలం. పనివాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు.

"దుంపల కాలంలో నన్ను వదిలేసి పోయే పిల్ల కాదండీ అది. గెలిచినవాళ్లని టీవీ వాళ్లే ఎక్కడో దాచేస్తారటగా, నోరు జారకుండా?"

"హనావా గారూ, నేను సంతకం పెట్టాను."

"అర్థమైంది, అర్థమైంది. నేనేమీ అడగలేదు, మీరేమీ అనలేదు."

ఆవిడ ముఖం వెలిగిపోతోంది. కోయకుండా నిండుగా ఎండబెట్టిన దుంపలు, అన్నిటికంటే మంచివి, ఒక సంచి నా చేతిలో పెట్టింది. "మా ఛాంపియన్‌కి" అంది.

నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అయినా ఊరంతా నమ్మేసింది.

నవంబరు 14, బుధవారం

సత్రానికి ఫోన్ చేశాను. పిలిచి ఇచ్చారు.

"తిన్నావా?"

"తిన్నా."

"వేలికి దెబ్బ తగిలింది కదా."

"మానింది."

"హనావా గారు దుంపలు ఇచ్చారు. పంపమంటావా?"

వెనకాల గిన్నెల చప్పుడు.

"అమ్మమ్మా, డేరా దగ్గర నువ్వన్నది నిజమే. ఆరేళ్లుగా నాకూ అదే అనుమానం. నువ్వు పైకి అనేశావు, అంతే తేడా."

"నేనేమన్నాను?"

"గుర్తు లేకపోతే పోనీలే. గిన్నెలు కడగాలి నేను."

పెట్టేసింది.

గుర్తుంది. 5వ తేదీన ఇక్కడ రాసినది సరికాదు. ఆలోచించుకోమని నేను అనలేదు. నేనన్నది ఇది: ఇంట్లో వందకు తొంభై అయిదుసార్లు పట్టుకున్న చెయ్యి ఇది. తప్పు చేతిది కాదు. నీ లోపలే ఏదో కుళ్ళిపోయింది.

కోపంలో అన్నాను. కానీ లెక్క తప్పు చెప్పలేదు. తొంభై అయిదు నిజం.

నవంబరు 20, మంగళవారం

ఆమెకు లెక్క మొత్తం శుభ్రంగా రాసి పంపాలనుకున్నాను. తన చేతిలో ఎంత సత్తా ఉందో అంకెల్లో చూస్తే ధైర్యం వస్తుంది. పుస్తకం తెచ్చి, కింద హీటరు ఉండే కొతాత్సు బల్ల మీద పరిచి, కాళ్లు దాని దుప్పటి లోపల పెట్టుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 20 దాకా సాధన చేసిన రోజులు 168. కడ్డీ మీదికి గెంతినవి 1512. పట్టుకున్నవి 1436. వందకు తొంభై అయిదు.

రోజుకు పది గెంతులు. 168 రోజులకు 1680 రావాలి. వచ్చినవి 1512.

తేడా 168.

పొయ్యి మీద అన్నం ఉంది. రేపు చూస్తాను.

నవంబరు 21

చూడలేదు. కిటికీలు తుడిచాను.

నవంబరు 22

తుడిచిన కిటికీలే మళ్లీ తుడిచాను.

నవంబరు 23, శుక్రవారం, సెలవు

నా పుస్తకంలో తేడా ఉంటే నేను ఊరుకోను. బడిలో ఎవరినీ ఊరుకోనివ్వలేదు.

ఆ తేడా ఎక్కడిదో 20వ తేదీనే నాకు తెలుసు. రోజూ మొదటి గెంతు వరుసలో రాయను. గీత అవతల, మార్జినులో, చిన్న సున్నా పెడతాను. పట్టుకుంటే నిండు సున్నా, జారితే ఖాళీ సున్నా. ఒళ్లు వేడెక్కడానికి గెంతే గెంతు అది, లెక్కలోకి రాదు. పెరట్లో నేను ముక్కాలిపీట మీద కూర్చుంటాను, ఆమె మొదటిసారి గెంతుతుంది, చాలా రోజులు జారి పరుపు మీద పడుతుంది, నేను "ఇక మొదలుపెట్టు" అంటాను. అక్కడి నుంచి లెక్క. రెండో గెంతుకు బల్ల ఎంత ఎగరేస్తుందో కాలికి తెలిసిపోయి ఉంటుంది. ఇక పట్టు తప్పదు. ఒకటి తర్వాత ఒకటి పట్టుకుంటూనే పోతుంది. నేను గీతలు గీస్తూనే పోతాను.

నేను ఏదీ రాయకుండా వదలను. మొదటి గెంతులు కూడా రాశాను. వాటిని కూడలేదు, అంతే.

ఇవాళ వాటిని కూడి చూశాను. 168 సున్నాల్లో నిండువి 57.

మూడింట ఒకటి.

అక్కడ, ఆ నీళ్ల మీద, ఆమె ఆరేళ్లలో ఆరుసార్లు గెంతింది. ప్రతిదీ మొదటి గెంతే. అక్కడ రెండోది ఉండదు. పోటీకి ముందు బల్ల తొక్కనివ్వరు, తొమ్మిది గంటలు డేరాలో చలిలో కూర్చోబెట్టి తీసుకెళ్లి గెంతమంటారు. ఆరింటిలో రెండు పట్టుకుంది.

మూడింట ఒకటి.

ఆమె ఇక్కడ ఒకలా, అక్కడ ఒకలా లేదు. ఎక్కడైనా ఒకలాగే ఉంది. తేడా నా పుస్తకంలో ఉంది.

పాత పుస్తకాలు అయిదూ తీశాను. మొత్తం ఆరేళ్లు, 968 రోజులు. మొదటి గెంతులో పట్టుకున్నవి 331. మళ్లీ మూడింట ఒకటి. సరి సంవత్సరాలు, బేసి సంవత్సరాలు విడివిడిగా వేశాను. ఏ తేడా లేదు. 2016లో అన్నిటికంటే తక్కువ, వందకు ఇరవై తొమ్మిది. ఆ ఏడాదే ఆమె ఆరు గండాలు దాటింది, పేపర్లో బొమ్మ వేశారు, నేను అది కత్తిరించి పుస్తకం మొదటి పేజీకి అంటించాను. ఆ రోజు కడ్డీ మీద పట్టు దొరికింది. అంతకంటే ఏమీ లేదు.

ఆరేళ్లు నేను ఆమెకు రెండో గెంతు నేర్పాను.

నవంబరు 24

మళ్లీ కూడి చూశాను. యాభై ఏడు.

నవంబరు 27, మంగళవారం

వాన పడిన రోజులు తీసేసి చూశాను. కడ్డీ తడిగా ఉంటే ఎవరైనా జారతారు. 141 రోజుల్లో 51. వందకు ముప్పై ఆరు.

జలుబు చేసిన రోజులు తీసేశాను. ముప్పై ఆరే.

నేను కోప్పడిన రోజులు తీసేద్దామనుకున్నాను. అవి ఎక్కడా రాసి లేవు.

నవంబరు 29

ఇసోబే హాలుకు కాగితం పూలు చేయిస్తున్నాడు. ఏ రంగు బాగుంటుందని అడిగాడు. ఏదైనా ఒకటే అన్నాను. "అంటే అన్ని రంగులూ పెట్టమంటారు!" అని వెళ్లిపోయాడు.

డిసెంబరు 2, ఆదివారం

ఐజు వెళ్లి వచ్చాను. పొద్దున ఆరున్నరకి బయలుదేరాను, రెండు రైళ్లు ఎక్కాను. అక్కడ మోకాలి లోతు మంచు. సత్రం వెనక గుమ్మం దగ్గర, చెప్పులు విడిచేచోట, చెక్క పలక మీద కూర్చోబెట్టింది నన్ను. ఆమె నిలబడే ఉంది. సత్రం వాళ్ల నీలం ఆప్రాన్. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. చిక్కింది. ఎంత చిక్కిందో అంకెల్లో చెప్పలేను.

"రావద్దని చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు."

"లెక్క తప్పింది నాగిసా. అది చెప్పడానికి వచ్చాను."

పుస్తకం తీసి చూపించాను. మార్జినులో సున్నాలు, కూడిక, ఆరేళ్ల మొత్తం. ఆమె తడి చేతులు తుడుచుకుని పేజీ పట్టుకుంది. చూడ్డానికి ఎక్కువసేపు పట్టలేదు.

"యాభై ఏడా. నేను నలభై అనుకున్నాను."

"నీకు తెలుసా?"

"గెంతేది నేనే కదా అమ్మమ్మా." కోపంగా అనలేదు. "మొదటి ఏడాదే నిన్ను అడిగాను. అక్కడ రెండోసారి ఇవ్వరు కదా, మొదటిదే లెక్కపెట్టు అని. గుర్తుందా?"

"నేనేమన్నాను?"

"ఒళ్లు వేడెక్కకుండా గెంతినదాన్ని గెంతు అనరు అన్నావు. అప్పుడు ఇరవై రెండేళ్లు నాకు. నువ్వు ఊరందరికీ లెక్కలు చెప్పిన టీచరువి. నువ్వు లెక్కలోకి రాదంటే రాదనుకున్నా. తొంభై అయిదే నిజం, పొద్దున్నే పడేది ఏదో చిల్లర అనుకున్నా. మరి అక్కడికెళ్లి ఎందుకు పడుతున్నానంటే ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ ఏదో ఏమిటని ఆరేళ్లు వెతికా. నువ్వు దానికి పేరు పెట్టావు."

"అది తప్పు. నీ లోపల ఏ కుళ్ళూ లేదు. ఇదిగో లెక్క. ఇంటి దగ్గరా మూడింట ఒకటే, అక్కడా మూడింట ఒకటే. లెక్క తప్పింది, అంతే."

"అంతేనా?"

"అంతే."

ఆమె పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది.

"కుళ్ళుంటే ఏదో ఒక రోజు కోసి పారేయొచ్చు అనుకున్నాను. అప్పుడు గెలుస్తాను అనుకున్నాను. ఇప్పుడు అది కూడా లేదంటున్నావు. మూడింట ఒకసారి పట్టుకునే మనిషిని, మొదటినుంచీ ఇంతే అంటున్నావు. ఏడు గండాలూ అలా మొదటిసారికే దాటాలి. లెక్క నువ్వే వేసి చెప్పు, ఎన్నేళ్లు పడుతుందో."

నేను వేశాను. అక్కడ కూర్చునే, మనసులో. పైకి చెప్పలేదు. ఆమె నా ముఖం చూసింది, అడగలేదు.

"మొదటి గెంతు మీదే సాధన చేస్తే, రోజుకు ఒక్కటే గెంతి..."

"ఇక గెంతను అమ్మమ్మా."

లోపలి నుంచి ఎవరో పిలిచారు. దుంపల సంచి ఇచ్చాను. ఒకటి తీసుకుని మిగతాది వంటావిడకి ఇస్తానంది. వెళ్తూ వెళ్తూ ఆగింది.

"అయినా నువ్వు కుళ్ళు ఒక్కటే అనలేదు కదా."

నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

ఆ రెండో మాట ఇక్కడ రాయను.

తిరుగు రైల్లో గుర్తుకు తెచ్చుకుని చూశాను. ‘లెక్క తప్పింది’ అని రెండుసార్లు అన్నాను. ‘నేను తప్పు చేశాను’ అని ఒక్కసారీ అనలేదు.

డిసెంబరు 3

జ్వరం. 37.8 సెల్సియస్.

డిసెంబరు 4

37.4. హనావా గారు గంజి తెచ్చింది. "అలసిపోయారు పాపం, సంతోషం కూడా అలుపే" అంది. తాగాను.

డిసెంబరు 8, శనివారం

పెరట్లో చట్రం కింద పరుపు మీద మంచు పేరుకుంది. ప్రతి ఏడాదీ ఈపాటికి దాని మీద పట్టా కప్పేవాళ్లం. ఆమె ఒక కొస, నేను ఒక కొస. ఒక్కదాన్ని కప్పలేకపోయాను.

డిసెంబరు 11, మంగళవారం

పదింటికి టీవీ వాళ్ల ఫోన్. ఎవరో సహాయకుడు, చిన్న వయసు గొంతు, చాలా మర్యాద.

"అమ్మమ్మగారూ, మీ సీను అద్భుతంగా వచ్చిందండీ. ఎడిటింగు గదిలో ఇద్దరు ఏడ్చేశారు."

"ఏ సీను?"

"డేరా వెనకాల మీరు నాగిసా గారితో మాట్లాడినది. మా కెమెరా అక్కడే ఉంది కదండీ. నాగిసా గారి గెంతు మూడు సెకన్లు వేస్తున్నాం, పడ్డవాళ్లందరితో కలిపి. మీ సీను మాత్రం పూర్తిగా నలభై సెకన్లు. గాలి చప్పుడు ఉంది కాబట్టి మాటలు తెర మీద అక్షరాల్లో వేస్తాం. ఒకసారి చదువుతాను, సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పండి."

చదివాడు. పద్యం చదివినట్టు, ఎక్కడా తడబడకుండా.

"‘ఇంట్లో వందకు తొంభై అయిదుసార్లు పట్టుకున్న చెయ్యి ఇది. తప్పు చేతిది కాదు. నీ లోపలే ఏదో కుళ్ళిపోయింది. మీ అమ్మా ఇంతే. ఏదీ పూర్తి చెయ్యలేదు. నిన్ను కూడా సగంలోనే వదిలేసి పోయింది.’ తర్వాత నాగిసా గారు వంగి నమస్కారం పెట్టి, ‘ఇన్నాళ్లూ రాసిపెట్టావు, థాంక్స్ అమ్మమ్మా’ అంటారు. అక్కడ సంగీతం వస్తుంది. సరిగ్గా ఉందా అండీ?"

"సరిగ్గానే ఉంది" అన్నాను.

ఎందుకంటే ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

తర్వాత తీసేయమని అడిగాను. కాగితంలో ఉందండీ అన్నాడు. ఆవరణలో తీసిన బొమ్మ ఏదైనా వాడుకోవచ్చని అయిదో వరుసలో ఉందట. నేను రహస్యం గురించిన మూడో వరుస చదివి ముద్ర వేశాను. పిల్లలు ప్రశ్న సగం చదివి జవాబు రాస్తే నేను సున్నా వేసేదాన్ని.

"అందులో ఒక తప్పు ఉంది" అన్నాను. "తొంభై అయిదు తప్పు. మొదటి గెంతులు లెక్కపెట్టలేదు నేను. అవి లెక్కపెడితే 168కి 57. అది కూడా కింద వెయ్యండి."

"అంకెలు తెర మీద నిలవవండీ" అన్నాడు జాలిగా. "అయినా మీరు బాధపడొద్దు. కఠినమైన అమ్మమ్మంటే జనానికి చాలా ఇష్టం. వచ్చే ఏడాది మీ ఇద్దరినీ మళ్లీ పిలుస్తాం. బేసి సంవత్సరం కదా, ఈసారి పేరు తిరగేసి వెయ్యొచ్చు."

ఫోన్ పెట్టేశాను. తొమ్మిదేళ్ల పిల్లను తీసుకుని మా అమ్మాయి ఈ గుమ్మంలోకి వచ్చిన రోజు, "వారం రోజులు చూడమ్మా" అని ఆమె అన్న రోజు, నేను ఆ పిల్లకు ఒక మాట ఇచ్చాను. మీ అమ్మ గురించి ఈ ఇంట్లో ఎవరూ చెడ్డ మాట అనరు అని. పద్దెనిమిదేళ్లు నిలబెట్టుకున్నాను. కెమెరా ముందు తప్పాను. ఇప్పుడు దాన్ని నలభై సెకన్లు, అక్షరాలతో సహా, దేశమంతా చదువుతుంది. హాల్లో ఎనభై మంది కాగితం పూల కింద కూర్చుని చదువుతారు. ఆ సత్రంలో కూడా టీవీ ఉంది. వెనక గుమ్మం దగ్గర కూర్చుంటే దాని చప్పుడు వినపడింది.

డిసెంబరు 12, బుధవారం

పొద్దున వంటింట్లో నిలబడి ‘నేను తప్పు చేశాను’ అని పైకి అనడానికి ప్రయత్నించాను. మొదటిసారి ‘తప్పు జరిగింది’ అని వచ్చింది. రెండోసారి ‘లెక్క తప్పింది’ అనే వచ్చింది. మూడోసారి వచ్చింది కానీ బడిలో పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు వచ్చింది. ఇది నేర్చుకోవలసిన వయసు ఎప్పుడో దాటిపోయింది. డెబ్భై తొమ్మిది.

మధ్యాహ్నం ఇసోబే వచ్చి, హాల్లో నా కుర్చీ ఎక్కడ వెయ్యాలని అడిగాడు.

"టీవీకి దగ్గరగా."

"మెడ పట్టేస్తుంది టీచరుగారూ. వెనకాల హీటరు పక్కన వేస్తాను."

"దగ్గరగా వెయ్యి ఇసోబే. అందరికీ నేను కనిపించేలా."

ఈసారి అతను నవ్వలేదు. టోపీ చేత్తో పట్టుకుని కాసేపు నన్నే చూశాడు. అయిదో తరగతిలో జవాబు తప్పని ముందే తెలిసినప్పుడు ఇలాగే చూసేవాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు. ఊళ్లో ఎవరికీ ఏమీ చెప్పినట్టు లేదు. సాయంత్రం చేపల కొట్టువాడు నన్ను మామూలుగానే పలకరించాడు.

ఇక జరగవలసినవి:

1. రేపు పొద్దున సత్రానికి ఫోన్ చెయ్యాలి. డేరా దగ్గరి మాటలు 29న టీవీలో వస్తాయని నాగిసాకు నా నోటితో చెప్పాలి. మరొకరి నుంచి తెలియకూడదు. ఆమె ఫోన్ దగ్గరికి రాకపోతే రెండు రైళ్లూ ఎక్కి వెళ్లాలి.

2. వెళితే పుస్తకం తీసుకెళ్లకూడదు.

3. ముందు చెప్పాల్సింది ఆమె తల్లి గురించి అన్న మాట. కుళ్ళు సంగతి ఆ తర్వాత. రెండూ నేనన్నవే, రెండూ తప్పే. ‘లెక్క’ అనే పదం నోట రాకూడదు.

4. 29 దాకా ఊరికి ఏమీ చెప్పకూడదు. ముద్ర ముద్రే.

5. 29న కుర్చీలోంచి లేవకూడదు. అక్షరాలు తెర మీద పడుతున్నప్పుడు తల దించకూడదు. అయ్యాక నిలబడి, ఆ తొంభై అయిదు తప్పనీ, ఆ తప్పు పుస్తకం రాసిన మనిషిదనీ, గెంతిన మనిషిది కాదనీ, ఆమె తల్లి గురించి అలా అనే హక్కు ఎవరికీ లేదనీ చెప్పాలి. ఎవరూ వినకపోయినా చెప్పాలి.

6. హనావా గారిని అడగాలి, నాగిసా పని ఇంకా ఉందో లేదో. ఛాంపియన్ కాని మనిషికి.

7. నాగిసా రాదు. ఆ రోజూ రాదు, బహుశా ఎప్పటికీ రాదు. అయినా రాసి ఉంచుతున్నాను: వస్తే, వచ్చే ఏడాది గురించి ఆమెను ఎవరూ అడగకూడదు. ముఖ్యంగా నేను.